వందో రోజు వేషం

నవ్వుల మూలట! పేరు చూడు, నవ్వుల మూల! పచ్చకాగితం మీద గుడ్లగూబ బొమ్మ వేసి, దాని ముక్కు కింద మా ఇంటి గుట్టు అచ్చేసి, ఇరవై నాలుగు ఇళ్ళకి పంచిపెట్టావు కదమ్మా బ్రిటా! నువ్వు రెండో తరగతి పంతులమ్మవా, లేక ఊరంతా తిరిగి టముకు వేసేదానివా?

లేదు, నేను కూర్చోను. ఈ కుర్చీల్లోనా? నా మోకాలంత ఎత్తు లేవు. వీటిలో కూలబడ్డానంటే నన్ను లేపడానికి నిప్పులార్పే బండి రావాలి. నువ్వు కూర్చో. పొద్దుట్నుంచీ నిలబడి అరిచిన ప్రాణం.

సరే సరే, కూర్చుంటాలే. చెయ్యి వదులు. ఆ తలుపు కాస్త వెయ్యి. నా మనవరాలు పెట్రా లైబ్రరీలో కాగితం విమానాలు చేసుకుంటోంది, నాలుగున్నర దాకా బయటికి రాదు. నేనొచ్చానని దానికి తెలీకూడదు. వాళ్ళమ్మకి అసలే తెలీకూడదు.

నిజం చెప్పొద్దూ, నీ శుక్రవారం ఉత్తరమంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట. ఆగస్టు నుంచీ వింటున్నా. సోమవారం పైజమాల రోజు. మంగళవారం జత కలవని మేజోళ్ళ రోజు. బుధవారం చొక్కా తిరగేసి తొడుక్కునే రోజు. మరి చదువు ఏ రోజమ్మా?

గుడ్ల అట్టలు ఖాళీవి పంపండి, టాయిలెట్ కాగితం అయిపోయాక మిగిలే గొట్టాలు పంపండి, జలుబుల కాలం కాబట్టి ముక్కు తుడుచుకునే కాగితాలు నాలుగు పెట్టెలు పంపండి. మా చెత్తంతా నీకు కావాలి, మీ చీమిడంతా మేం తుడవాలి. వాలెంటైన్ కార్డులు ఇరవై నాలుగు రాయాలి, ఒక్కటి తగ్గకూడదు, ప్రేమ అందరికీ సమానంగా పంచాలి, వాటితో పెట్టే మిఠాయిలో వేరుశనగ మాత్రం ఉండకూడదు, ఎవరికో పడదట. ఇదేం ప్రేమో!

రోజూ రాత్రి ఇరవై నిమిషాలు చదివించి సంతకం పెట్టమంటావు. పెట్టానా లేదా? ఒక్క రోజు తప్పానా? ఎక్కడ పెట్టాలో పెట్రా వేలుంచి చూపిస్తుంది, నేను పెట్టేస్తాను.

అంటే... ఆ గీత మరీ సన్నగా వేస్తావులే నువ్వు.

అవన్నీ ఓర్చుకున్నాను. కానీ ఈ వందో రోజు పండగ ఉంది చూడు, ఇది ఎవడి బుర్రలో పుట్టిందో వాడు నా చేతికి దొరకాలి. బడి తెరిచి వంద రోజులైందట, అందుకని పిల్లలందరూ వందేళ్ళ ముసలివాళ్ళ వేషం వెయ్యాలట! తలకి దూది, మెడలో ముత్యాల దండ, ముక్కు మీద అద్దాల్లేని కళ్ళజోడు, చేతిలో కర్ర. అమ్మో నడుము, అయ్యో మోకాలు అని మూలుగుతూ క్లాసంతా తిరగాలి. నిజం ముసలివాళ్ళం మేం వెనక గోడకి ఆనుకుని చప్పట్లు కొట్టాలి. ఓసారి మా ముసలి గుంపంతా రెండో తరగతి పిల్లల వేషం వేసుకుని, ముక్కులు చీదుతూ, బూటు తాళ్ళు ఈడ్చుకుంటూ, "టీచర్, వాడు నన్ను గిల్లాడు" అని ఏడుస్తూ నీ ముందు నడుస్తాం. అప్పుడు నువ్వు చప్పట్లు కొడుదువుగాని.

నవ్వకు. నవ్వుతున్నావు కదూ?

ఏమోలే. వినబడలేదు మరి.

మిగతా పిల్లలందరూ బాగానే వేశారు. ఆ హోవీ గాడు పొట్టకి దిండు కట్టుకుని, పళ్ళు పోయాయని గొణుక్కుంటూ చెత్తబుట్టలో వెతికాడు. ఆ బోసెన్ వాళ్ళ పిల్ల కర్రతో అందరినీ అదిలించింది. చాలు కదా? మా పెట్రాకి అది చాల్లేదు. నా నీలం స్వెట్టరు వేసుకుని, రెండు కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేసి, కాగితం కంచం స్టీరింగులా పట్టుకుని కూర్చుంది. వెనక కుర్చీలో ఆ బోసెన్ పిల్లనే కూర్చోబెట్టింది. ఇక మొదలెట్టింది.

"పచ్చయిందా బంగారం? నువ్వు చెప్పమ్మా, నాకంతా పొగ పొగగా ఉంది."

"ఎరుపు అమ్మమ్మా, ఎరుపు!"

"ఓరి దేవుడా, ముందే చెప్పొద్దూ!" అని కాలు నేలకేసి కొట్టి బ్రేకు వేసింది.

క్లాసు గొల్లుమంది. తల్లులందరూ ఫోన్లెత్తి పట్టుకున్నారు. నువ్వైతే నవ్వలేక కళ్ళు తుడుచుకున్నావని విన్నాను. మర్నాడు శుక్రవారం కాగానే, అక్షరం పొల్లు పోకుండా, ఫొటోతో సహా, నవ్వుల మూలలో పెట్టావు. "ఈ వారం నవ్వుల రాణి మన పెట్రా!" చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నీ విషయంలో అక్షరాలా నిజం.

మా కోరీన్ శుక్రవారం ఆసుపత్రి నుంచి వచ్చి, సూప్ గిన్నె ముందు పెట్టుకుని, నీ ఉత్తరం పైకి చదివింది. నా కూతురు రోజంతా జబ్బు మనుషుల మధ్య ఉంటుంది, పాపం దానికి నవ్వుకోవడానికి ఇంకేం దొరుకుతుంది? నవ్వుతూనే మొదలెట్టింది. "పొగ పొగగా ఉంది" దగ్గరికొచ్చేసరికి నవ్వాగిపోయింది. స్పూను కింద పెట్టిన చప్పుడు విన్నాను.

"అమ్మా, ఇదేంటి?"

"పిల్ల కల్పించిందే. దానికి నాటకాల పిచ్చి."

"పెట్రా, ఇదేంటమ్మా?"

పెట్రా స్పూనుతో గిన్నెలో కలుపుతూనే ఉంది, ఆ చప్పుడు వింటూనే ఉన్నాను. నాకు ఆ సూప్ చల్లారిపోయిందేమో అనిపించింది. చివరికి, "ఆటమ్మా. ఉత్తినే" అంది. ఏడేళ్ళ పిల్ల.

కోరీన్ వట్టి పిచ్చిదా, నర్సు. "మంగళవారం టీచరుతో మాట్లాడే రోజు ఉంది, అడుగుతాను. అప్పటిదాకా పిల్లని కారెక్కించకు" అంది. ఇవాళ పొద్దున సగం పూట సెలవు పెట్టి తనే దింపింది. నాలుగున్నరకి తనే వచ్చి తీసుకెళ్తుంది. నీ దగ్గర తేడా మాట విందంటే, వచ్చే వారం నుంచి పక్క వీధిలో కాలేజీ పిల్లని మాట్లాడేస్తుందట. ముక్కుకి రింగు పెట్టుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని తిరుగుతుంది, ఆ పిల్ల. అది దించుతుందట నా పెట్రాని!

నువ్వు చిన్నదానివి, నీకు తెలీదు. పొద్దున ఏడున్నరకి దించడం, మూడుంపావుకి ఎక్కించుకోవడం, అదే నా రోజు. మధ్యలోదంతా ఊరికే టీవీ. మా ఆయన పోయాక ఈ ఊళ్ళో నన్ను "ఎప్పుడొస్తావు?" అని అడిగే మనిషి అదొక్కటే. అది కూడా తీసేస్తే నేనేం చెయ్యను? గోడలతో మాట్లాడనా?

అందుకే వచ్చాను. నిన్ను తిట్టడానికి కాదు. అంటే, తిట్టడానికి కూడాననుకో. నాకొక సహాయం చేసిపెట్టు. ఈ శుక్రవారం ఉత్తరంలో రెండే రెండు వాక్యాలు రాయి. రాసుకో, నేను చెప్తాను. "గత వారం వేసిన కారు ఆట మా తరగతి పిల్లలందరూ కలిసి కల్పించినది. పెట్రా వాళ్ళ అమ్మమ్మ వెర్నా కోలారిక్ గారు ముప్ఫై ఒక్కేళ్ళు ఈ ఊరి బడి బస్సు నడిపిన మనిషి, ఆవిడ కళ్ళు గద్ద కళ్ళు." అంతే. రేపు కోరీన్ అడిగితే అదే నోటితో కూడా చెప్పు.

ఏంటీ, అబద్ధమా? ఓహో! వేరుశనగ లేని ప్రేమ రాసినప్పుడు అబద్ధం కాదు గానీ!

చూడమ్మాయ్, నువ్వు ఎవరి బస్సెక్కావో గుర్తుందా? మూడో వరస, కిటికీ పక్క సీటు. కిండర్‌గార్టెన్ నుంచి ఆరో తరగతి దాకా. రెండుసార్లు కక్కావు, ఒకసారి నా బూట్ల మీద. మీ నాన్నకి చెప్పానా? కడుక్కుని ఊరుకున్నాను. మంచు తుఫాను రోజు మీ ఇంటి దారి మూసుకుపోతే, నిన్ను భుజానేసుకుని మీ గుమ్మం దాకా తెచ్చాను. ముప్ఫై ఒక్కేళ్ళలో ఒక్క పోస్టుడబ్బాకి గీత పడితే చెప్పు. ఒక్క కుక్క కాలు తొక్కితే చెప్పు!

రైలు పట్టాల దగ్గర ఏం చేసేదాన్నో గుర్తుందా? ఊళ్ళో కార్లన్నీ ఝామ్మని దాటిపోయేవి. బడి బస్సు మాత్రం ఆగాలి. బస్సాపి, తలుపు తీసి, "ష్" అనేదాన్ని. అరవై మంది రాక్షసులు గప్‌చిప్. నేను కిటికీ దించి, చెవి పెట్టి వినేదాన్ని. రైలు కనబడకపోయినా వినబడుతుంది. విని, అప్పుడు దాటేదాన్ని. అదీ బండి నడపడమంటే. కళ్ళుంటే చాలనుకుంటారు జనం.

ఏంటీ? మళ్ళీ చెప్పు.

నాకు కనపడుతుందా లేదా అనా? నువ్వు కూడా నర్సువైపోయావా? బ్రహ్మాండంగా కనపడుతుంది.

ఆ గోడ మీద ఏముందో చెప్పాలా? నాకు పరీక్ష పెడుతున్నావా, నా బూట్ల మీద కక్కినదానివి! అక్షరాలున్నాయి. బళ్ళో గోడ మీద అక్షరాలు కాక ఏముంటాయి?

పక్షులా?

పోనీలే, పక్షులే అనుకో. పక్షులకి పేర్లు రాసి ఉంటావు కదా, అవి అక్షరాలు కాదా?

ఏయ్ బ్రిటా, ఏదైనా మాట్లాడు. అలా మౌనంగా కూర్చోకు. నువ్వు నవ్వుతున్నావో, ఏడుస్తున్నావో, కోపంగా చూస్తున్నావో నాకేం తెలుస్తుంది? నీ చెవులు కనబడుతున్నాయి. జుట్టు కనబడుతోంది. మెడలో ఆ పసుపు గుడ్డ కనబడుతోంది. మధ్యలో నీ మొహం ఉండాల్సిన చోట బూడిద రంగు మరక ఉంది. ఎటు చూస్తే అటే వస్తుంది ఆ మరక, పాడు మరక.

ఆఁ. అనేశానుగా. ఇప్పుడు తృప్తేనా?

అక్టోబరులో చెప్పాడు కళ్ళ డాక్టరు. చుట్టుపక్కల ఉంటుందట, నట్టనడుమ పోతుందట. ఇంజెక్షన్లు వేస్తే ఉన్నది కొన్నాళ్ళు నిలుస్తుందేమో గానీ పోయింది రాదట. "కారు మానెయ్యాలి వెర్నా గారూ" అన్నాడు, గడ్డం కూడా సరిగ్గా మొలవని కుర్రాడు. సరే అన్నాను. బయటికొచ్చి కారెక్కాను. కళ్ళు పొడిబారాయని, చుక్కల మందిచ్చాడని కోరీన్‌తో చెప్పాను. ముప్ఫై ఒక్కేళ్ళు చక్రం పట్టిన చేతులివి. ఏం చెయ్యమంటావు వీటిని, ఊలు అల్లమంటావా?

ఇంటి నుంచి బడికి రెండే లైట్లు. దారి నా అరచేతి గీతల్లో ఉంది. ముందు కారు ఆగితే ఆగేదాన్ని, కదిలితే కదిలేదాన్ని. ముందు కారు లేని రోజే చిక్కు. నవంబరులో ఓ రోజు బేకరీ మలుపు దగ్గర పెట్రా వెనక నుంచి "అమ్మమ్మా, ఎరుపు!" అని అరిచింది. ఆపాను. ఆపి, వెనక్కి తిరిగి, ఏమన్నానో తెలుసా? తప్పైపోయిందన్నానా? కాదు. "శభాష్! ఇవాళ్టి నుంచి నువ్వు నా కండక్టరువి" అన్నాను. అంతే, ఆట అయిపోయింది. లైటు రంగు చెప్పడం దాని పని, శుక్రవారం బేకరీలో ప్లమ్ పండు పెట్టిన కొలాచీ రొట్టె కొనిపెట్టడం నా పని. "ఇది మన బస్సు రహస్యం. అమ్మకి చెప్పావో, కండక్టరు ఉద్యోగం ఊడిపోతుంది" అన్నాను.

చెప్పలేదు. మూడు నెలలు నోరు విప్పలేదు. వాళ్ళమ్మ సూప్ గిన్నె ముందు కూర్చోబెట్టి అడిగినా చెప్పలేదు.

మొదట్లో దానికి సరదాగానే ఉండేది. ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ అని పాటలా పాడేది. క్రిస్మస్ అయ్యాక పాట మానేసింది. వెనక సీటు అంచున కూర్చుని, బెల్టు సాగదీసి, నా భుజం మీద చెయ్యేసేది. దారంతా తీసేది కాదు ఆ చెయ్యి. నాతో ఆడుకుంటోందనుకున్నాను. ముద్దొచ్చిందనుకున్నాను!

ఆ వేషం వేసిన రోజు వెనక గోడకి ఆనుకుని నేనూ నవ్వాను, బ్రిటా. అందరికంటే పెద్దగా నేనే నవ్వాను. గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, నవ్వకపోతే జనం నావైపు చూస్తారని. నా నవ్వు విని పెట్రా ఆట ఆపేసింది. నీకు గుర్తుందా? మధ్యలో ఆపేసి, కాగితం కంచం కింద పడేసి వెళ్ళిపోయింది. సిగ్గేసిందేమో అనుకున్నారందరూ.

ఇవాళ వస్తుంటే తెలిసింది నాకు, అది సిగ్గు కాదని.

అవును, కార్లోనే వచ్చాను. కోరీన్ పిల్లని ఎక్కించకు అంది, నన్ను నడపొద్దని అనలేదుగా! వెనక సీటు ఖాళీ. మొదటి లైటు దగ్గర ఓ పాల వ్యాను ముందుండి పుణ్యం కట్టుకుంది. రెండో దాని దగ్గర ఎవరూ లేరు. కిటికీ దించాను. చలి మొహానికి కొట్టింది. రైలు పట్టాల దగ్గర విన్నట్టు విన్నాను. ఏ చప్పుడూ లేదు. కదిలాను. దాటాను కూడా. "చూశావా కోరీన్" అని పైకే అన్నాను, ఒక్కదాన్నే.

ఎల్మ్ వీధి మలుపు తిరుగుతుంటే ధన్‌మని ఏదో తగిలింది.

బ్రేకు వేసి దిగాను. బడి వదిలి అప్పటికి అరగంట కాలేదు, పిల్లలు ఇళ్ళకి నడిచెళ్ళే వేళ. ఏది తగిలిందో కనబడదు కదా, తేరిపార చూస్తే మరకే కనబడుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని, బురద మంచులో, బంపరు కింద చేతులతో తడిమాను. చేతికి మెత్తగా ఏదో తగిలింది. తడిగా ఉంది. గుడ్డలా ఉంది. నేను "పెట్రా" అని పిలిచాను. పెట్రా లైబ్రరీలో ఉందని నాకు తెలుసు. తెలిసినా పిలిచాను.

చెత్తడబ్బా. సోమవారం కదా, వీధి చివర పెట్టారు. అది దొర్లి సంచి చిరిగింది, ఎవరిదో పాత తువ్వాలు బయటికొచ్చింది. అంతే. ఎవరికీ ఏం కాలేదు.

కానీ అది తువ్వాలని తెలిసేదాకా... ఎంతసేపో చెప్పలేను. నా చేతులు చూడు, గోళ్ళలో ఇంకా ఆ బురదే. ఇవే చేతులు.

ఆ మంచులో కూర్చున్నప్పుడు తట్టింది నాకు. చెప్పొద్దని నేను ఒట్టేయించుకున్నాను. అది ఒట్టు తప్పే పిల్ల కాదు. ఏడేళ్ళది, భయం వేస్తే ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పలేదు కాబట్టి ఆడి చూపించింది. ఇంతమంది పెద్దవాళ్ళు ఉన్నారు, ఒక్కరికైనా అర్థమవుతుందని చూపించింది. మీరందరూ ఫోన్లు తీశారు. నువ్వు నవ్వుల మూలలో వేశావు. కానీ మీకెవరికీ తెలీదు. తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది, అది పగలబడి నవ్వింది.

వద్దు. కాగితాలివ్వకు. నాలుగు పెట్టెలు నేను పంపినవేగా, నాకే ఇస్తావా?

ఆ రెండు వాక్యాలూ రాసుకున్నావా? రాసుకుంటే చింపెయ్యి. ఏం రాయకు. నా గురించి ఇంకెప్పుడూ ఏం రాయకు, అంతే.

ఇవిగో తాళాలు. నీ డెస్కు సొరుగులో పెట్టి తాళం వెయ్యి. పిల్లల దగ్గర లాక్కున్న బొమ్మలు పెడతావుగా, వాటిలో పెట్టు. నేనడిగినా ఇవ్వకు. అడుగుతాను, నన్ను నేనెరుగుదును. తిడతాను కూడా.

ఇప్పుడు కోరీన్‌కి ఫోను చెయ్యి. నాలుగున్నరకి పిల్లని తీసుకెళ్ళడానికి వస్తోందిగా, నన్ను కూడా తీసుకెళ్ళమని చెప్పు. ఎందుకని అడుగుతుంది. నువ్వు చెప్పకు, ఫోను నాకివ్వు, నేను చెప్తాను. బొత్తాలు మాత్రం నువ్వే నొక్కు, నాకు కనబడవు.

అవునూ, పిల్లల్ని ఎవరైనా తీసుకెళ్తుంటే ఆఫీసులో సంతకం పెట్టించుకుంటారు కదా? నాకూ ఒకటి పెట్టించుకోండి.